పిట్టల కోసం బండల్లోకి వెళ్తే ఎలుగుబంటి సంగతేంటి? బెంగళూరు వాళ్ళకు ఎంపిక సలహా

రామనగర, సావనదుర్గ, దేవరాయనదుర్గ వైపు పిట్టలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు మొదట తెలియాల్సింది ఒకటుంది. ఎల్లో త్రోటెడ్ బుల్బుల్, పెయింటెడ్ స్పర్‌ఫౌల్ ఎలాంటి చోట తిరుగుతాయో ఎలుగుబంటి కూడా అలాంటి చోటే పగలంతా పడుకుంటుంది. పెద్ద గుండ్లు, వాటి మధ్య చీకటి సందులు, చుట్టూ లాంటానా కంప, పక్కనే చెదపుట్టలు. పైగా పిట్టలు చూసేవాడి అలవాట్లన్నీ ఎలుగున్న చోట చెయ్యకూడనివే. తెల్లవారకముందే కొండెక్కుతాడు. అడుగుల చప్పుడు వినపడనివ్వడు. నోరు విప్పడు. కళ్ళు కొమ్మల్లో ఉంటాయి కాబట్టి మలుపు అవతల ఏముందో చూసుకోడు.

మన ఎలుగు మనిషిని తినడానికి రాదు. చెదలు, చీమలు, తేనె, పళ్ళు దాని తిండి. ముక్కు గట్టిదే గానీ చూపు, వినికిడి అంతంతమాత్రం. పుట్ట తవ్వి, అందులో మూతి పెట్టి చెదల్ని పీల్చేటప్పుడు దాని చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. ఆ పీల్చే ధ్యాసలో ఉన్నప్పుడు మీరు పది మీటర్ల దాకా వచ్చేసినా దానికి తెలియకపోవచ్చు. తలెత్తేసరికి ఎదురుగా మనిషి! పులులతో కలిసి బతికిన జాతి, దగ్గర్లో ఉలిక్కిపడితే పారిపోకుండా మీద పడడమే దానికి అలవాటు. వీపు మీద పిల్లలున్న తల్లి అయితే చెప్పక్కర్లేదు. ఎక్కువ గాయాలు తలకీ ముఖానికీ తగులుతాయి.

అందుకే ఎలుగు ముఖాన కొట్టే మిరపకారం స్ప్రే కొనాలా, కర్ర పట్టుకెళ్ళాలా అన్న ప్రశ్న తర్వాతిది. మీరు దగ్గరికి రాకముందే ఎలుగుకి మీరొస్తున్నట్టు తెలియాలి. ప్రతి వస్తువునీ ఈ ఒక్క గీటురాయి మీదే చూద్దాం.

ఎక్కడికి, ఎన్ని గంటలకి

పిల్లలతో వెళ్తున్నా, కొత్తగా మొదలుపెడుతున్నా జక్కూరు చెరువో, హెసరఘట్ట గడ్డిమైదానమో చాలు. ఎలుగు బెడద లేదు, పిట్టలకు కొదవా లేదు. అడవి పిట్టలు కావాలంటే నంది కొండ మీద రోడ్డు వదలకుండా తిరగండి. బన్నేరుఘట్ట, కావేరి వైపు అడవుల్లో ఎలుగు కంటే ముందు ఏనుగు గురించి ఆలోచించాలి. అక్కడికి అటవీశాఖ మనిషి లేకుండా వెళ్ళే ఆలోచనే వద్దు.

అసలు తర్జనభర్జన బండల కొండల దగ్గరే. రామనగరలోని రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. బెంగళూరు నుంచి 50 కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళే చాలామంది ఆరింటికే గేటు దగ్గర ఉండాలని తాపత్రయపడతారు. రాబందు కోసమే అయితే అది అనవసరం. ఎండకి బండ వేడెక్కి గాలి పైకి లేచేదాకా రాబందు రెక్క విప్పదు, ఎనిమిదిన్నర తొమ్మిది తర్వాతే గాల్లో తిరుగుతుంది. ఎలుగులు రాత్రంతా మేసి గుహలకు తిరిగొచ్చే వేళ తెల్లవారుజాము. అంటే ఆరింటికి వెళ్తే రాబందు కనపడదు, ఎలుగు ఎదురుపడే అవకాశం మాత్రం ఎక్కువ. బుల్బుల్ కోసమైనా ఏడున్నరకు మొదలుపెడితే పోయేదేమీ లేదు, పొద్దెక్కాక కూడా కూస్తూనే ఉంటుంది.

గుడ్లగూబలు, నైట్‌జార్‌ల కోసం సాయంత్రం ఉండాలనుకుంటే తారురోడ్డు మీద, కారు పక్కనే ఉండండి. కొండ దిగే పని చీకటి పడకముందే అయిపోవాలి.

హంపి దగ్గరి దరోజి వేరే సంగతి. 1994లో ఎలుగుల కోసమే ఏర్పాటైన అభయారణ్యం అది. మధ్యాహ్నం పూట సిబ్బంది బండల మీద బెల్లం కలిపిన మేత పూస్తారు, ఎలుగులు దిగి వస్తాయి, మీరు ఎదుటి కొండ మీది మంటపం నుంచి బైనాక్యులర్‌లో చూస్తారు. ఆ మేతకే స్పర్‌ఫౌల్‌లూ వస్తాయి. ఎలుగునీ పిట్టనీ ఒకేచోట భయం లేకుండా చూడాలంటే మా ఓటు దీనికే, దూరం ఎక్కువైనా సరే. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌లోనూ ఎల్లో త్రోటెడ్ బుల్బుల్ ఉంది, ఎలుగూ ఉంది. అక్కడ రోడ్డు పక్క బండల దగ్గరే పిట్ట దొరుకుతుంది కాబట్టి లోయలోకి దిగాల్సిన పని లేదు.

వెళ్ళిన చోట ముందు మేకల కాపరిని అడగండి. కన్నడంలో "కరడి బరుత్తా?" (ఎలుగు వస్తుందా?) అంటే చాలు. పావగడ, గౌరిబిదనూరు, చింతామణి పల్లెల్లో అయితే తెలుగులోనే అడగొచ్చు, జవాబూ తెలుగులోనే వస్తుంది. ఏ గుండు కింద ఉంటోంది, ఈ వారం ఎటు తిరిగింది, పిల్లలున్నాయా అన్నది వాళ్ళకు తెలిసినంతగా ఏ యాప్‌కీ తెలియదు. ఆ తర్వాత మీ కళ్ళతో చూసుకోండి. తవ్విన పుట్టలో మన్ను తడిగా, ముదురు రంగులో ఉంటే అది రాత్రి పని. ఎండి తెల్లబడి ఉంటే పాతది. పెంటలో రేగి, రేల, నేరేడు గింజలు అలాగే కనపడతాయి. దుమ్ములో పాదం ముద్ర మనిషిది లాగే ఉంటుంది, ముందు మాత్రం గోళ్ళ గీతలు విడిగా పడతాయి. డిసెంబరు, జనవరిలో రేగి పొదలు, మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప చెట్ల కింద, జూన్‌లో నేరేడు చెట్ల కింద మరింత జాగ్రత్త.

గొంతు, విజిల్, గజ్జెలు

వీటిలో ఒక్కటే ఎంచుకోవాలంటే గొంతు. మామూలు మాట కంటే కాస్త పెద్దగా మాట్లాడుకుంటూ నడిస్తే చాలు, అరవక్కర్లేదు. మనిషి మాట ఎలుగుకి తెలిసిన చప్పుడు, మనిషి వస్తున్నాడని దానికి అర్థమవుతుంది, తప్పుకునే వ్యవధి దొరుకుతుంది. మలుపు ముందు, గుండ్ల సందు ముందు, వాగు దగ్గర నీళ్ళ చప్పుడున్న చోట రెండు చప్పట్లు కొట్టి, పది లెక్కపెట్టి ముందుకెళ్ళండి. గాలి మీ ముఖానికి కొడుతుంటే మీ వాసన దాని దాకా వెళ్ళదు, అప్పుడు మాట ఇంకా పెంచాలి. గాలి వెనక నుంచి వీస్తుంటే సగం పని దాని ముక్కే చేస్తుంది.

"మాట్లాడితే పిట్టలు ఎగిరిపోవా?" అని అందరూ అడుగుతారు. ఎగిరిపోతాయి, మళ్ళీ వస్తాయి. నడిచేటప్పుడు మాట్లాడండి, నిలబడ్డాక మౌనంగా ఉండండి. నాలుగు వైపులా కనిపించే బయలు బండ ఒకటి చూసుకుని, దాని చుట్టూ ఒకసారి పరికించి, అక్కడ పావుగంట కదలకుండా కూర్చుంటే ఐదు పది నిమిషాల్లో పిట్టలు సర్దుకుంటాయి. నడుస్తూ చూసేదాని కంటే ఇలా కూర్చుని చూసేదే ఎక్కువ. గుహ మూతికి, దట్టమైన కంపకి వీపు పెట్టి మాత్రం కూర్చోవద్దు.

విజిల్‌ని ఎలుగు కోసం కాక మనుషుల కోసం ఉంచుకోండి. సన్నని కూత మనిషి వస్తున్నట్టు చెప్పదు. దారి తప్పినా, గాయపడినా ఆగి ఆగి మూడేసి సార్లు ఊదడం సహాయం కోసం చేసే సైగ. లోపల గోళీ లేని రకం కొనండి, తడిసినా మోగుతుంది.

గజ్జెలో, బ్యాగుకి కట్టే చిన్న గంటో అందరికీ నచ్చేవి, ఎందుకంటే మన ప్రమేయం లేకుండా మోగుతాయి. లోపమూ అక్కడే ఉంది. చిన్న గంట చప్పుడు గాలికి, ఎండుటాకుల గలగలకి పది అడుగుల్లో కలిసిపోతుంది. అమెరికా పార్కుల్లో కూడా గంటల్ని నమ్ముకోవద్దనే చెబుతారు. గంట ఉంది కదా అని నోరు మూసుకుంటే గంట లేకపోవడమే నయం. కర్రకి గుప్పెడు మువ్వలు కట్టి, అడుగడుక్కీ బండకేసి కొడితే మాత్రం అది వేరే స్థాయి, ఒంటరిగా వెళ్ళక తప్పనివాళ్ళకు మాటకి తోడుగా అది పనికొస్తుంది.

బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు పెట్టుకుని నడవడం వద్దు. ఎలుగుకి మీరు వినపడతారేమో గానీ, అది చేసే గుర్రుమనే చప్పుడు మీకు వినపడదు. ఇయర్‌ఫోన్‌ల సంగతి చెప్పేదేముంది.

కర్ర, స్ప్రే, టపాకాయ

ఐదారడుగుల వెదురు కర్ర కొట్టడానికి కాదు. బండ మీద చప్పుడు చెయ్యడానికి, కంప తొలిగించి చూడ్డానికి, అన్నీ విఫలమైతే మీకూ దానికీ మధ్య అడ్డు పెట్టడానికి. కర్రతో కొడితే, అది భయంతో వచ్చిన జంతువు కాబట్టి ఇంకా రెచ్చిపోతుంది. ట్రైపాడ్‌ని కర్రలా వాడొచ్చు అనుకోవద్దు, కాళ్ళు విడదీసి బరువైన లెన్సు బిగించాక అది చేతికి పనికిరాదు.

స్ప్రే దగ్గర జనం ఎక్కువగా మోసపోతారు. అమెరికాలో బేర్ స్ప్రే అని అమ్మేది కనీసం 225 గ్రాముల డబ్బా, 1 నుంచి 2 శాతం కాప్సైసినాయిడ్లు (మిరపకి ఘాటునిచ్చే పదార్థాలు), 25 అడుగులకు తగ్గకుండా పొగమంచులా వెడల్పుగా పడుతుంది. అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా జరిగిన ఘటనల్ని పరిశీలిస్తే, దగ్గర్లో ఎదురుపడినప్పుడు స్ప్రే వెంట ఉన్నవాళ్ళలో 98 శాతం మందికి గాయం కాలేదు. ఇక్కడ మందుల షాపులో, ఆన్‌లైన్‌లో దొరికే పెప్పర్ స్ప్రే హ్యాండ్‌బ్యాగులో పట్టేంత చిన్న డబ్బా. మనిషి ముఖం మీద సన్నని ధారగా కొట్టడానికి చేసింది. పేరు దగ్గరగా ఉందని దాని నుంచి దీని ఫలితం ఆశించొద్దు. అలాస్కా లెక్కలు అక్కడి ఎలుగుల మీదివి, మన ఎలుగు మీదివి కావు.

పోనీ బంధువులతో అక్కడి డబ్బా తెప్పించుకుందామంటే విమానంలో చేతి బ్యాగులోనూ కుదరదు, చెక్‌ఇన్‌లోనూ కుదరదు. ఎలాగో దొరికినా ఏప్రిల్‌లో ఎండలో నిలబెట్టిన కారులో వదిలితే 50 డిగ్రీలు దాటి డబ్బా పగిలే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కు చట్టం నుంచి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ఆయుధం నిర్వచనంలో కత్తి కూడా ఉంది, జంతువుని గాయపరచగల ఏ పరికరమైనా అందులోకి వస్తుంది. 31వ సెక్షన్ ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధం తీసుకెళ్ళకూడదు. స్ప్రే ఉంటే గేటు దగ్గరే చూపించి అడగండి, వద్దంటే వాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళండి.

టపాకాయలు వద్దు. అదే చట్టం 32వ సెక్షన్ అభయారణ్యంలో పేలుడు పదార్థాల్ని నిషేధిస్తుంది. అది పక్కనపెట్టినా, ఫిబ్రవరి నుంచి మే దాకా గడ్డి అంటుకునే కాలం. గుహలో పడుకున్న ఎలుగుని చప్పుడుతో లేపితే అది ఏ దారిన బయటికొస్తుందో మీకు తెలియదు, బహుశా మీరు నిలబడ్డ దారే. టార్చి మాత్రం తప్పకుండా ఉండాలి, దిగేటప్పుడు ఆలస్యమైతే ముందు చూడ్డానికి. దాంతో ఎలుగుని బెదిరించొచ్చని లెక్క వేసుకోకండి.

రామనగర వైపు వీధికుక్కలు బిస్కెట్ కోసం వెంటపడతాయి. తోడుగా ఉంటాయిలే అని వెంట రానివ్వకండి. కుక్క ముందుకెళ్ళి ఎలుగుని మొరుగుతుంది, అది తరిమేసరికి తిన్నగా మీ కాళ్ళ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకే ఎలుగు.

షాట్‌గన్ సంగతి

షాట్‌గన్ అంటే చిన్న గుళ్ళు చిమ్మే పిట్టల వేట తుపాకీ. ఇక్కడ దీని మీద చర్చే లేదు. కౌజులనీ, అడవికోళ్ళనీ తుపాకీతోనో ఎయిర్‌గన్‌తోనో కొట్టడం నేరం. పంట కాపలాకి లైసెన్సున్న తుపాకీ ఉన్నా అంతే. ఆత్మరక్షణలో వన్యప్రాణిని చంపితే నేరం కాదని 11వ సెక్షన్ చెబుతుంది నిజమే, కానీ ఆ సమయంలో మీరే ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఆ రక్షణ వర్తించదు. టికెట్ లేకుండా అభయారణ్యంలోకి దూరినవాడికీ ఇదే మాట.

ఉద్యోగరీత్యా అమెరికాలోని మోంటానాకో ఐడహోకో వెళ్ళి, అక్కడి స్నేహితులతో గ్రౌస్ అనే అడవికోడి లాంటి పిట్టల వేటకి వెళ్ళే బెంగళూరు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి లెక్క వేరు. నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, ఆ దేశంలో ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. కాబట్టి స్నేహితుడి తుపాకీ చేత్తో పట్టుకునే ముందే లైసెన్సు జేబులో ఉండాలి.

అక్కడ మూడు దారులు కనపడతాయి. తుపాకీలో పిట్టల తూటాలే ఉంచి, ఎలుగు కోసం స్ప్రే పెట్టుకోవడం ఒకటి. స్లగ్ తూటాలు, అంటే చిన్న గుళ్ళకి బదులు ఒకే పెద్ద గుండు ఉండేవి, జేబులో వేసుకుని అవసరమైతే మార్చుకోవడం రెండోది. మ్యాగజైన్‌లో పిట్టల తూటా, స్లగ్ కలిపి నింపడం మూడోది. పిట్టల తూటాలోని 6, 7½ నంబరు గుళ్ళు ఎలుగు బొచ్చునీ కొవ్వునీ దాటి లోపలికి వెళ్ళవు, గాయపడిన ఎలుగు మాత్రం మిగులుతుంది. ఇక రెండో దారి చూద్దాం. గ్రిజ్లీ అనే అక్కడి పెద్ద ఎలుగు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వస్తే 20 మీటర్లు దాటడానికి సెకనున్నర చాలు. తూటా తీసి స్లగ్ వెయ్యడానికి ఆ సమయం సరిపోదు. మూడోదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఎగిరే పిట్ట మీద పొరపాటున పేలిన స్లగ్ వందల మీటర్లు పోయి ఎవరికి తగులుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే మొదటి దారే మా సలహా. స్ప్రే డబ్బా ఛాతీ మీదో, తుపాకీ పట్టని చేతి వైపు నడుం మీదో ఉండాలి, సంచిలో కాదు. తుపాకీ ఒక చేత్తో కిందికి దించి ఇంకో చేత్తో క్లిప్పు తీసి కొట్టడం ఇంట్లోనే, శిక్షణ కోసం అమ్మే మందులేని డబ్బాతో, అలవాటు చేసుకోండి. కొట్టిన పిట్టల పేగులు మకాం దగ్గర తీయొద్దు. వేటకుక్క ఉంటే, తాజా పెంట కనపడగానే తాడు వెయ్యాలి.

ఎదురుపడితే, గాయమైతే

దూరంగా, మిమ్మల్ని చూడకుండా ఉంటే చప్పుడు లేకుండా వచ్చిన దారినే వెనక్కి. చూసి నిలబడితే పరిగెత్తకండి, మనిషి కంటే అది వేగం. చెట్టెక్కకండి, తేనె కోసం అది రోజూ ఎక్కేదే. అందరూ ఒక్కచోటికి చేరి, ముఖం దానివైపే ఉంచి, మెల్లగా మాట్లాడుతూ వెనకడుగు వెయ్యండి. దానికి తప్పుకునే దారి వదలండి, ముఖ్యంగా దానికీ గుహకీ మధ్య మీరు ఉండకూడదు. ఫోటో సంగతి మర్చిపోండి.

మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ వేళ్ళు కలిపి మెడ వెనక పెట్టి, మోచేతులతో ముఖం కప్పండి. బ్యాగు తీయకండి, అది వీపుకి కవచం. తిరగబడి గుద్దకండి. భయపడి వచ్చింది కాబట్టి ఎదుటివాడు కదలడం లేదని తెలిస్తే సాధారణంగా వదిలేసి పోతుంది. వెంటనే లేవకుండా చప్పుడు దూరమయ్యేదాకా ఆగండి. అమెరికాలో నల్ల ఎలుగుతో తిరిగి పోరాడమని చెప్పే సలహా ఎక్కడో చదివి ఇక్కడ వాడొద్దు.

గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. సిగ్నల్ దొరికే చోటు ఎక్కేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి. దగ్గరి ఆసుపత్రా, నేరుగా బెంగళూరా అంటే ముందు దగ్గరిదే. రక్తం ఆగాలి, తర్వాత సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. ఎలుగు కాటుకి రేబీస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల మందు) కూడా గాయంలోనే ఇవ్వాలి, ధనుర్వాతానికి టీటీ వేరే. కుట్లు వెయ్యాల్సి వస్తే అవి ఇమ్యునోగ్లోబ్యులిన్ తర్వాతే. టీకా మొదటి రోజు వేయించుకుని ఆపేసేవాళ్ళు చాలామంది. కండలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదూ పూర్తి కావాలి. ముఖం చీలితే మొదటి చికిత్స అయ్యాక ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి అదే అంబులెన్సులో తరలించమని అడగండి. అటవీశాఖ కార్యాలయంలో అదే రోజు ఫిర్యాదు రాయించుకుని, ఆసుపత్రి కాగితాలన్నీ దాచుకోండి, నష్టపరిహారం అడగాలంటే ఆ రెండూ కావాలి.